పాజిటివ్ వచ్చిన తొమ్మిది పిల్లుల గురించి: సరిహద్దు జిల్లాల అధికారులకు, పశువైద్యులకు, మన తెలుగు వీధులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఒడిశాలోని బరంపురంలో ఉంటాను. తెలుగు మీడియం బడిలో ముప్పై ఒక్కేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా ఆడపడుచూ నేనూ కలిసి మా పాత పెంకుటింట్లో దిక్కులేని పిల్లులను సాకుతున్నాం. ఈ రోజుకి 38 ఉన్నాయి. వాటిలో తొమ్మిదింటికి ఫెలైన్ లుకేమియా వైరస్, అంటే పిల్లులకు రక్తక్యాన్సరు తేగల వైరస్, ఉందని రక్తపరీక్షలో తేలింది. ఆ తొమ్మిదింటినీ ఇంట్లోంచి తీసేయమని మాకు నోటిమాటగా చెప్పి వెళ్లారు. తీసేయడమంటే ఏం చెయ్యాలి, ఎక్కడికి పంపాలి అని అడిగితే చెప్పినవాళ్లు తల దించుకున్నారు.

జులైలో ఒక అర్జీ, సెప్టెంబరులో ఒకటి, డిసెంబరులో మరొకటి ఇచ్చాను. మూడూ ఒడియాలోనే రాయించి, పరీక్ష కాగితాలు జతచేసి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అవి ఏ కార్యాలయానికి ఇచ్చానో ఇక్కడ రాయను. ఒక మనిషిని నిలదీయడానికి ఈ లేఖ రాయడం లేదు. ఇది బరంపురంతో ఆగే విషయం కాదు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఆంధ్ర వైపు ఇచ్ఛాపురం, పలాస, ఎక్కడ పిల్లి ఉంటే అక్కడ రేపు ఇదే గొడవ వస్తుంది. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఈ జబ్బు మనుషులకు అంటుకుంటుందన్న భయం పుట్టింది మన వీధుల్లో, మన మాటల్లోనే. పోవలసిందీ అక్కడే.

జరిగింది ముందు చెబుతాను.

మా దగ్గర ఈ పని మొదలైంది 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన తర్వాత. నీళ్లు తీసిన మూడో రోజున మా పెరట్లో కూలిన మునగచెట్టు కింద ఒక తల్లిపిల్లి, రెండు పిల్లలు కనబడ్డాయి. 2018లో తిత్లీ వచ్చి వెళ్లాక ఆ సంఖ్య పదకొండయింది. అప్పటి నుంచి గోపాలపూర్ వైపు మన జాలరి పేటల నుంచి, పట్టు నేసే వీధుల నుంచి, రైల్వే స్టేషను వైపు నుంచి ఎవరో ఒకరు తెచ్చి ఇస్తూనే ఉన్నారు. గోపాలపూర్ అన్నదమ్ములు చిరిగిన వలలు ఇస్తే వాటితోనే వరండా మొత్తం మూసుకున్నాం. ఇప్పటికీ వారానికి రెండుసార్లు కవళ్ల చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టి డబ్బు తీసుకోకుండా వెళ్లే అమ్మ ఒకామె ఉంది.

పోయిన ఏడాది మే నెలలో "నల్లమ్మ" అనే పిల్లి తిండి మానేసింది. చిగుళ్లు చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. కామెర్లు కాదు, దెబ్బ కాదు. ఒక యువ డాక్టరుగారు రక్తం తీసి చిన్న కిట్టు మీద రెండు చుక్కలు వేశారు. పది నిమిషాల్లో గీత పడింది. ఆ కిట్టు రెండు వైరస్‌లను ఒకేసారి చూస్తుంది. ఒకటి లుకేమియా వైరస్, రెండోది ఎఫ్ఐవీ. ఆ రెండోదాన్ని వాడుకలో "పిల్లుల ఎయిడ్స్" అంటారు. గదిలో ఉన్న ఇంకెవరి చెవినో ఈ రెండు మాటలూ పడ్డాయి. సాయంత్రానికల్లా మా వీధిలో "టీచరమ్మ ఇంట్లో పిల్లులకి బ్లడ్ క్యాన్సరట, ఎయిడ్సట, పిల్లలకి అంటుకుంటుందట" అన్న మాట తిరిగింది.

మర్నాడు పాలబ్బాయి గేటు బయటే పాకెట్లు వదిలి వెళ్లాడు. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో పని చేసిన ఆమెను ఆమె కొడుకు రానివ్వలేదు. ఎదురింటి పిన్నిగారి మనవరాలు రోజూ సాయంత్రం లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చేది, ఆ పిల్లా రావడం మానేసింది. రంగి అనే మా పిల్లి అంటే ఆ పిల్లకు ప్రాణం. వాళ్ల కిటికీలోంచి "రంగి ఎలా ఉంది టీచర్?" అని అడుగుతుంటే జవాబు చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు.

వారం తిరక్కుండా మా గేటు దగ్గర గోనెసంచులు ప్రత్యక్షం కావడం మొదలైంది. జబ్బు పిల్లుల ఇల్లట, అక్కడ పడేస్తే సరి అన్న ఆలోచన. ఒక సంచిలో నాలుగు కూనలు, రెండు అప్పటికే ఊపిరాడక పోయాయి. మిగిలిన రెండింటికీ పరీక్ష చేయిస్తే వైరస్ లేదు. ఏ జబ్బూ లేని కూనలు భయం వల్ల సంచిలో చచ్చిపోయాయి.

గోపాలపూర్ దగ్గర ఎండుచేపలు అమ్ముకునే ఒక అమ్మ తన మూడేళ్ల పిల్లిని, ఒంట్లో ఏ నలతా లేనిదాన్ని, బస్సెక్కించి దూరంగా వదిలేసి వచ్చింది. ఇంట్లో నెలల బిడ్డ ఉంది, ఎవరో "క్యాన్సరు" అన్నారు, భయపడింది. పది రోజుల తర్వాత మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఏడ్చింది. "అది నా పక్కలో పడుకునేదమ్మా, నేనే గెంటేశాను" అని. ఆ పిల్లి దొరకలేదు. నేను ఆమెను తప్పు పట్టలేను. ఈ వైరస్ మనుషులకు రాదు అని ఒక్క కాగితం మీద ఒక్క అధికారి రాసి గోడకు అంటించి ఉంటే ఆ పిల్లి ఈ రోజు ఆ ఇంట్లోనే ఉండేది.

ఇప్పుడు తెలిసిన సంగతులు. ఇవి నా అభిప్రాయాలు కావు. ఏ పశువైద్య పుస్తకం తెరిచినా ఉంటాయి.

1. ఈ వైరస్ మనుషులకు రాదు. కుక్కలకు రాదు. ఆవుకూ మేకకూ రాదు. 1964లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో విలియం జారెట్ అనే పశువైద్యుడు, ఆయన బృందం దీన్ని కనిపెట్టారు. అరవై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో కోట్ల మంది ఇలాంటి పిల్లులతో ఒకే ఇంట్లో బతికారు. పిల్లి నుంచి మనిషికి ఇది అంటుకుందని తేలిన సందర్భం ఒక్కటీ లేదు.

2. పిల్లి నుంచి పిల్లికి మాత్రం అంటుతుంది. ఎక్కువగా లాలాజలం ద్వారా. ఒకదాన్నొకటి నాకడం, ఒకే గిన్నెలో తినడం, కొరుక్కోవడం, తల్లి కడుపులోంచి, పాలలోంచి. కూనలకు తొందరగా అంటుతుంది, పెద్దవాటిలో తట్టుకునే శక్తి కొంత ఉంటుంది. "పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుంది" అని మన పెద్దలు అంటారు. వైరస్ ఉన్న తల్లి అయితే ఆ ఏడిళ్ల పిల్లులకూ ప్రమాదమే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకుండా వీధిలోకి "తీసేయమని" చెప్పడమంటే జబ్బును ఏడిళ్లకు పంచమని చెప్పడమే.

3. ఒంటి బయట ఈ వైరస్ ఎక్కువసేపు బతకదు. ఆరిపోతే కొద్ది గంటల్లోనే చచ్చిపోతుంది. సబ్బునీళ్లకు, బ్లీచింగ్‌కు నిలవదు. గోడలకు, గాలికి, మా ఇంటి మురుగుకు భయపడవలసిన పని లేదు.

4. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. కొన్ని పిల్లుల ఒళ్లు వైరస్‌ను పూర్తిగా తరిమేస్తుంది. కొన్నింటిలో అది ఎముక మజ్జలో నిద్రపోయి ఉంటుంది. కొన్నింటిలో మాత్రమే రక్తంలో నిలిచిపోయి రక్తహీనత, లింఫోమా అనే క్యాన్సరు, నోటి పుండ్లు, ఇతర ఇన్‌ఫెక్షన్లు తెస్తుంది. ఏది ఏ దారిలో ఉందో తెలియాలంటే కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్ష చెయ్యాలి, అవసరమైతే పీసీఆర్ అనే ల్యాబు పరీక్షకు పంపాలి. మా దగ్గర "గోపి" అనే కూన రెండున్నర నెలల వయసులో పాజిటివ్. మూడు నెలల తర్వాత చేసిన పరీక్షలో నెగెటివ్, పీసీఆర్‌లో కూడా ఏమీ లేదు. మొదటి కాగితం చూసి దాన్ని చంపేసి ఉంటే?

5. నయం చేసే మందు లేదు. ఈ మాట దాచను. వైరస్ రక్తంలో నిలిచిపోయిన పిల్లులు చాలావరకు మూడేళ్లలోపే పోతాయి. కానీ ఆ మూడేళ్లూ అది ఎండలో పడుకుంటుంది, తింటుంది, ఒళ్లో కూర్చుంటుంది. పాజిటివ్ వచ్చిందన్న ఒక్క కారణంతో ఆరోగ్యంగా ఉన్న పిల్లిని చంపకూడదని పిల్లుల వైద్యుల అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనే రాసి ఉంది.

ఆ తొమ్మిదింటినీ ఎలా చూసుకుంటున్నామో కూడా చెప్పాలి. మేం ఇష్టారాజ్యంగా అన్నింటినీ కలిపి ఉంచి జబ్బు పెంచుతున్నామని ఒకాయన అన్నారు కాబట్టి.

మా వెనక గది, ఒకప్పుడు ధాన్యం పోసుకున్నది, వాటికి ఇచ్చేశాం. కిటికీలకు డబుల్ మెష్. గిన్నెలు, మట్టి ట్రేలు, దుప్పట్లు, చీపురు కూడా వేరే. ఉదయం ముందుగా 29 మామూలు పిల్లుల పని పూర్తిచేసి, చేతులు కడుక్కుని, చీర మార్చుకుని వెనక గదికి వెళ్తాను. వైరస్ గిన్నె కడిగితే పోయేదే అయినా ఈ వరుస తప్పను. ఎందుకంటే మేం కాపాడుతున్నది ముందుగది పిల్లులనే కాదు, వెనక గది పిల్లులను కూడా. వాటికి రోగనిరోధక శక్తి తక్కువ. మామూలు పిల్లి తుమ్మితే పోయే జలుబు వీటికి న్యుమోనియా అవుతుంది. పచ్చి చేప పెట్టం, కవళ్లు ఉడికించి ముళ్లు తీసి, అన్నంలో కలిపి పెడతాం. నెలనెలా బరువు చూసి నోటుబుక్కులో రాస్తాం. వంద గ్రాములు తగ్గినా డాక్టరుగారికి ఫోన్ చేస్తాం. తొమ్మిదింటికీ ఆపరేషన్ అయిపోయింది. ఒక్కటి కూడా గడప దాటదు.

నల్లమ్మ సంగతి రాయకుండా ఉండలేను. దాని రక్తహీనతకు లుకేమియా వైరస్ ఒక్కటే కారణం కాదని, రక్తకణాలను తినే ఇంకో సూక్ష్మజీవి కూడా ఉందని డాక్టరుగారు అనుమానించారు. డాక్సీసైక్లిన్ మూడు వారాలు ఇచ్చాం. ఆ మాత్ర వేసిన ప్రతిసారీ సిరంజితో నీళ్లు పట్టాలి, లేకపోతే అది అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. చెప్పేవాళ్లు లేక ఎంతమంది పిల్లుల గొంతులు పాడైపోయాయో. ఇరవయ్యో రోజున నల్లమ్మ చిగుళ్లకు గులాబీ రంగు వచ్చింది. మా ఆడపడుచు పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చూపించింది. ఆ తర్వాత ఏడు నెలలు బతికింది. చివరి నాలుగు రోజులు తప్ప తిండి మానలేదు. పోయిన నెలలో నా ఒళ్లోనే పోయింది. దాని తర్వాత ఆ గదిలోకి ఇంకొకటి వచ్చింది కాబట్టి లెక్క మళ్లీ తొమ్మిదే.

ఇక ఇది పిల్లుల గొడవే కదా, మనుషుల కష్టాలే తీరడం లేదు అనేవారికి. నేనూ ఆ ప్రశ్న వేసుకున్నాను. నాకు కనబడ్డవి ఇవి.

1. జాలరి ఇంట్లో పిల్లి ముద్దుకు పెంచుకునేది కాదు. ఎండబెట్టిన చేపను ఎలుక నుంచి కాపాడేది అదే. నేతగాళ్ల ఇళ్లలో పట్టు ఆసును, రాట్నం మీది దారాన్ని ఎలుక కొరికితే పోయేది రోజుల కూలి. భయంతో పిల్లులను తరిమేసిన మా పక్క వీధిలో ఈ వానాకాలం ఎలుకల మందు కొన్నవాళ్లు ఎంతమందో కిరాణా కొట్టు అతన్ని అడగండి. ఆ మందు తిన్న ఎలుకను తిన్న పిల్లి, కాకి, కుక్క, అన్నీ పోయే ప్రమాదం ఉంది. ఇంట్లో పాకే బిడ్డ ఉంటే ఆ ఇంటివాళ్లకు నిద్ర ఉండదు.

2. ఒంటరి ముసలివాళ్లు. మా వెనక వీధిలో ఒక తాతగారికి పిల్లలు సూరత్‌లో మిల్లు పనికి వెళ్లిపోయారు. మా గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్లని ఇల్లు ఏదైనా ఉందా? ఆయనకు ఇంట్లో మాట్లాడటానికి ఉన్నది ఒక బూడిదరంగు పిల్లి. అది పాజిటివ్. ఇంట్లో ఇంకో పిల్లి లేదు, అది బయటికి వెళ్లదు. ఎవరికీ ప్రమాదం లేదు. అయినా ఇంటి ఓనరు ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఆ తాతగారు రాత్రిపూట దాన్ని తీసుకొచ్చి నాకిచ్చారు. రోజూ పొద్దున్నే వచ్చి మెష్ బయట నించుని చూసి వెళ్తారు.

3. డబ్బు. ఒక్క కిట్టుకు మాకయిన ఖర్చు 1,800 రూపాయలు. పీసీఆర్‌కు రక్తం పెద్ద ఊరికి పంపాలి, దానికి మళ్లీ అంతకంటే ఎక్కువ. నాకు పింఛను ఉంది కాబట్టి సరే. చేపలమ్ముకునే ఆమె ఒక పిల్లి కోసం నాలుగు రోజుల సంపాదన ఎలా పెడుతుంది? పరీక్ష చేయించలేక, అనుమానంతోనే వదిలేస్తుంది. అనుమానంతో వదిలేసిన ప్రతి పిల్లీ వీధిలో ఇంకో నాలుగింటితో కలుస్తుంది.

4. హద్దు. మేము ఒక ఆసుపత్రికి వెళ్తే ఇక్కడ పిల్లులకు కిట్టు లేదన్నారు. ఇచ్ఛాపురం దాటి ఇంకో చోటికి వెళ్తే "మీరు ఒడిశావాళ్లు కదా" అన్నారు. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు హద్దు గీత గీశారు. ఇటు తెలుగువాళ్లున్నారు, అటు ఒడియావాళ్లున్నారు. పెళ్లిళ్లు, సంతలు, వైద్యం అన్నీ ఆ గీత దాటే జరుగుతాయి. పిల్లులు కూడా రోజూ దాటుతున్నాయి. వైద్యం మాత్రం గీత దగ్గర ఆగిపోయింది.

5. పిల్లలు. ఎదురింటి పిల్ల ఇప్పుడు పిల్లిని చూస్తే రాయి తీసుకుంటోంది. పోయిన ఏడాది మే దాకా రంగిని ఒళ్లో పెట్టుకుని ఎక్కాలు చెప్పిన పిల్ల. ఇది నాకు అన్నిటికంటే బాధగా ఉంది. ముప్పై ఒక్కేళ్లు బడిలో ఉన్నదాన్ని, భయం పిల్లల చేతిని ఎలా మారుస్తుందో నాకు తెలుసు.

మేము అడుగుతున్నవి ఇవి.

1. అన్నిటికంటే ముందు, ఒక ప్రకటన. "పిల్లుల లుకేమియా వైరస్ మనుషులకు రాదు" అని ఒడియాలో, తెలుగులో, పశువైద్య శాఖ అధికారి సంతకంతో. పశువైద్యశాలల గోడల మీద, అంగన్‌వాడీల్లో, చేపల మార్కెట్లలో అంటించండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. కాగితం ఖర్చు మేమే పెట్టుకుంటాం. తెలుగు నేనే రాసిస్తాను, మీరు దిద్దండి. ఈ ఒక్కటీ రేపే చెయ్యవచ్చు, ఎనిమిది నెలలుగా దీని కోసమే తిరుగుతున్నాను.

2. ఆ తొమ్మిదింటిని "తీసేయమని" చెప్పిన మాటను వెనక్కి తీసుకోండి, లేదా ఏ చట్టం కింద చెప్పారో రాతపూర్వకంగా ఇవ్వండి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఆకలి దప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం నేరం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం, జంతువును చంపినా, విషం పెట్టినా ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. మీ నోటిమాట మీద మేము ఈ రెండింటిలో ఏ నేరం చెయ్యాలి?

3. జిల్లా కేంద్రంలోని పశువైద్యశాలలో ఈ పరీక్ష కిట్లు ఉంచండి. నెలకు ఇరవై చాలు. పాజిటివ్ వస్తే రెండో పరీక్ష తప్పనిసరి అని రాసిపెట్టండి. రెండో పరీక్ష కాకుండా ఏ పిల్లి మీదా తీర్పు వద్దు.

4. పిల్లులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. కుక్కల కోసం 2001లో నియమాలు వచ్చాయి, 2023లో కొత్తవి వచ్చాయి, మంచిదే. పిల్లులకు కూడా వారంలో ఒక రోజు కేటాయించండి. మత్తు మోతాదు విషయంలో చాలామంది డాక్టర్లు పిల్లులంటే వెనకాడుతున్నారు, ఆ భయం న్యాయమైనదే. భువనేశ్వర్‌లో పశువైద్య కళాశాల ఉంది, హద్దుకు అటువైపు గరివిడిలో ఉంది. రెండు చోట్ల నుంచీ అనుభవమున్నవారిని పిలిపించి మన జిల్లాల డాక్టర్లకు శిక్షణ ఇప్పించండి.

5. ఈ వైరస్‌కు టీకా ఉంది. మా ఊళ్లో నేను తిరిగిన ఏ మందుల షాపులోనూ దొరకలేదు. ముందు పరీక్ష చేసి, లేనివాటికి మూడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఏడాదికి బూస్టరు వేయాలి. ఇప్పటికే వైరస్ ఉన్నదానికి టీకా పనిచేయదు. పాజిటివ్ పిల్లి ఉన్న ఇళ్లకు, మాలాంటి ఆశ్రయాలకు కొద్ది డోసులైనా తెప్పించే ఏర్పాటు చెయ్యండి.

6. 2001 నియమాల ప్రకారం ప్రతి జిల్లాలోనూ జంతు హింస నివారణ సంఘం ఉండాలి, దానికి ఆసుపత్రి, ఆశ్రయం కట్టుకోవడానికి ప్రభుత్వం స్థలం చూపాలి. సరిహద్దు జిల్లాలన్నిటిలో అది పనిచేసేలా చూడండి, సమావేశాల తేదీలు బయటపెట్టండి. అర్జీ పట్టుకుని ఎవరి తలుపు తట్టాలో తెలియకపోవడం వల్లే నాకు మూడు అర్జీలూ వృథా అయ్యాయి.

7. హద్దుకు రెండు వైపులా పశువైద్యశాలలు ఆధార్‌లో ఊరు చూడకుండా జంతువును చూడాలి.

పశువైద్యులకు విడిగా ఒక మాట. మీలో చాలామంది ఆవులకు, మేకలకు, కోళ్లకు చదువుకుని వచ్చారు. మీ చేతిలో పని ఎంతో నాకు తెలుసు, వానాకాలంలో మీరు ఒక్కరే మూడు పంచాయతీలు తిరగడం చూశాను. పాజిటివ్ గీత పడినప్పుడు దయచేసి ఆ గదిలోనే, మొదటి ఐదు నిమిషాల్లోనే, "ఇది మీకు రాదు, మీ బిడ్డకు రాదు" అని చెప్పండి. జబ్బు పేరు తర్వాత చెప్పండి. "క్యాన్సర్" అన్న మాట చెవిన పడ్డాక మనిషికి మిగతాది వినబడదు. అలాగే ఇంట్లో ఇచ్చే మందుల గురించి గట్టిగా హెచ్చరించండి. జ్వరం వచ్చిందని పిల్లికి పారాసిటమాల్ సిరప్ పోసి తెచ్చినవాళ్లను ఈ రెండేళ్లలో నలుగురిని చూశాను. ఆ మందును విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కొద్దిగా పడినా రక్తం ఊపిరిని మోయలేక, చిగుళ్లు గోధుమరంగుకు తిరిగి చచ్చిపోవచ్చు. నాలుగింటిలో మూడు పోయాయి. పోసినవాళ్లంతా ప్రేమతోనే పోశారు.

మన వీధులవారికి, అమ్మలకు, అన్నదమ్ములకు. మీ పిల్లిని వదిలేయకండి. ఒక్కటే పిల్లి ఉంటే, అది బయటికి వెళ్లకపోతే, పాజిటివ్ అయినా మీ దగ్గరే ఉంచుకోవచ్చు. రెండు మూడు ఉంటే గిన్నెలు వేరు చెయ్యండి, కొత్తగా వచ్చినదాన్ని పరీక్ష అయ్యేదాకా వేరే గదిలో ఉంచండి. వల్లకాకపోతే సంచిలో కట్టకండి. పగలు, తలుపు తట్టి, చేతిలో పెట్టి వెళ్లండి. ఎవరు తెచ్చారని నేను అడగను. పిల్లి షష్ఠీదేవి వాహనమని మన ఒడియా ఇరుగుపొరుగు అంటారు, బిడ్డలను కాచే తల్లి వాహనం. మన ఇళ్లలో ఎదురొస్తే అపశకునం అంటాం. రెండు నమ్మకాలూ ఒకే వీధిలో ఇన్నేళ్లు కలిసి బతికాయి. ఇప్పుడు ఈ కొత్త భయాన్ని మూడోదిగా చేర్చుకోవద్దు.

మా ఇంట్లో దాచేది ఏమీ లేదు. ఏ అధికారి అయినా, ఏ డాక్టరు అయినా, వీధిలో ఎవరైనా ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య వచ్చి రెండు గదులూ చూడవచ్చు. బరువుల నోటుబుక్కు, పరీక్ష కాగితాలు, అర్జీల కాపీలు బల్ల మీదే ఉంటాయి.

వెనక గదిలో రెండు కూనలకు వచ్చే నెల మొదటి వారంలో రెండో పరీక్ష చెయ్యాలి. నా దగ్గర ఒక్క కిట్టే ఉంది.

ఇట్లు,
పిల్లుల ఇంటి టీచరమ్మ,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా